ఓడిపోతున్న టీమ్ ఉన్న ఊళ్ళో నా మొదటి సెమిస్టర్

మీ తమ్ముడు అమెరికాలో చేరిన యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట) టీమ్ వరసగా ఓడిపోతోందని, క్యాంపస్ అంతా డీలా పడి ఉందని రాశారు. ఆట తెలియని తను ఇప్పుడు మ్యాచ్‌లకు వెళ్లడం దండగా అని అడిగారు. దండగ కాదు, తప్పకుండా వెళ్లమనండి. నేను అలాంటి సీజన్‌లోనే అక్కడ దిగాను కాబట్టి చెబుతున్నాను.

2021 ఆగస్టులో ఎమ్మెస్ కోసం నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ వెళ్లాను. అక్కడి యూనివర్సిటీ టీమ్ పేరు హస్కర్స్. ఆ ఏడాది 12 మ్యాచ్‌లు ఆడి 3 గెలిచింది, 9 ఓడింది. అంకెలు చూస్తే ఏమీ చేతకాని టీమ్ అనిపిస్తుంది. కానీ ఆ తొమ్మిది ఓటముల్లో ఒక్కటి కూడా 9 పాయింట్లు దాటలేదు. ఇతర యూనివర్సిటీల టీమ్‌లైన ఓక్లహోమా చేతిలో 23-16, మిషిగన్ చేతిలో 32-29, మిన్నెసోటా చేతిలో 30-23, విస్కాన్సిన్ చేతిలో 35-28. ఈ ఆటలో ఒక టచ్‌డౌన్ (బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటించడం), దాని వెనకే కొట్టే కిక్ కలిపితే 7 పాయింట్లు. అంటే చాలాసార్లు ఒక్క టచ్‌డౌన్ దూరంలో ఆగిపోయారు. తొమ్మిది ఓటముల తేడా అంతా కలిపినా 56 పాయింట్లే. నార్త్‌వెస్టర్న్ మీద ఒక్క రోజులో 56-7తో గెలిచారు, అక్కడే 49 వచ్చాయి. సీజన్ మొత్తం కూడితే ప్రత్యర్థుల కంటే వీళ్లు చేసిన పాయింట్లే ఎక్కువ!

చిత్తుగా ఓడితే ఆ రాత్రికి మర్చిపోవచ్చు. చేతికి అందింది నోటికి అందకపోతేనే నిద్ర పట్టదు. మిషిగన్ స్టేట్ అనే మరో యూనివర్సిటీతో మ్యాచ్ మా అపార్ట్‌మెంట్‌లో టీవీలో చూశాం. రెండో సగంలో మనవాళ్లు అవతలి టీమ్‌ను కదలనివ్వలేదు. (అప్పటికే నేను ‘మనవాళ్లు’ అనడం మొదలుపెట్టేశాను.) 20-13 ఆధిక్యం, చివరి నిమిషాలు. బంతిని దూరంగా తన్నాల్సిన కిక్ అనుకున్న వైపు కాకుండా రెండో వైపు వెళ్లింది. వాళ్ల ఆటగాడు దాన్ని అందుకుని నేరుగా టచ్‌డౌన్ దాకా పరుగెత్తాడు. తర్వాత అదనపు సమయంలో 23-20తో పోయింది. ఆట పూర్తిగా అర్థంకాని నాకే ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ మ్యాచ్‌లోనే మన క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని దాడి నడిపించే ఆటగాడు) ఏడ్రియన్ మార్టినెజ్ దవడ విరిగిందని, అలాగే వారం వారం ఆడుతూ వచ్చాడని నవంబరులో బయటికొచ్చింది. అది విన్నాక అతన్ని తిట్టుకున్న వాళ్లు కూడా నోరు మెదపలేదు.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. చిన్నప్పుడు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని స్టేడియంకు వెళ్లడం మొదలుపెట్టారట. అక్టోబరు 9న మిషిగన్ మ్యాచ్‌కు ఇంట్లో ఒకరు రాలేకపోతే ఆ టికెట్ నాకు ఇచ్చారు. మెమోరియల్ స్టేడియంలో 85 వేల మందికి పైగా పడతారు. లింకన్ జనాభాయే మూడు లక్షలకు కాస్త తక్కువ. ఎటు చూసినా ఎరుపే. 1962 నుంచి అక్కడ ప్రతి హోమ్ మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడవుతూనే ఉన్నాయి. ఆ రాష్ట్రానికి పెద్ద ప్రొఫెషనల్ లీగ్‌లో ఫుట్‌బాల్ టీమ్ లేదు, జనానికి ఈ కాలేజీ పిల్లలే అన్నీ. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలనే లెక్క ఆయనే అరిచి అరిచి నేర్పించారు. సగం ఆటకు 13-0 వెనకబడిన మనవాళ్లు ఆధిక్యంలోకి వచ్చారు. 29-29 దగ్గర, రెండు నిమిషాలు కూడా లేనప్పుడు, బంతి చేజారింది. అవతలివాళ్లు కొట్టిన మూడు పాయింట్ల కిక్‌తో అయిపోయింది. ఆయన కాసేపు కుర్చీలోంచి లేవలేదు. నేనేమీ మాట్లాడలేదు.

బాధ అంత లోతుగా ఉండడానికి ఇంకో కారణం కోచ్ స్కాట్ ఫ్రాస్ట్. ఆయన ఆ రాష్ట్రం బిడ్డ. 1997లో ఒక్క ఓటమీ లేకుండా జాతీయ టైటిల్ గెలిచిన హస్కర్స్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్. ఆ టైటిల్‌ను పంచుకున్నది ఈ మిషిగన్‌తోనే. బయటివాడైతే కోపంతో సరిపోయేది, ఇంటివాడు ఓడిపోతుంటే ఆ కోపాన్ని ఎటు చూపించాలో జనానికి తెలియలేదు. నవంబరులో జీతం తగ్గించి ఆయన్ని కొనసాగించారు, నలుగురు అసిస్టెంట్లను పంపించేశారు. 2022 సెప్టెంబరులో ఆయన్నీ తీసేశారు. ఆరు మ్యాచ్‌లు గెలిస్తే సీజన్ చివర దక్కే ప్రత్యేక మ్యాచ్, బౌల్ గేమ్, మళ్లీ ఆడడానికి 2024 దాకా పట్టింది.

2021 సీజన్ చివరి మ్యాచ్ అయోవాతో, నవంబరులో అందరూ ఇళ్లకు వెళ్లే థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు. క్యాంపస్ ఖాళీ, ఇళ్లకు వెళ్లలేని మాలాంటి వాళ్లమే మిగిలాం. నలుగురం తెలుగువాళ్లం రెండేసి స్వెట్టర్లు వేసుకుని వెళ్లాం. 21-6 ఆధిక్యంలో ఉండి, ఒక కిక్‌కు అవతలివాళ్లు అడ్డుపడ్డాక అంతా తిరగబడి 28-21తో ఓడిపోయారు. అక్కడొక ఆచారం ఉంది: ఆట అయ్యాక వెళ్తున్న ప్రత్యర్థి జట్టుకు చప్పట్లు కొడతారు. మా ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంటూనే చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం.

నాకు ఆ ఊళ్ళో మొదటి స్నేహాలన్నీ ఆ మూడు నెలల్లోనే అయ్యాయి. బస్సు డ్రైవర్, ల్యాబ్‌లో సీనియర్, మంగలి షాపులో ఆయన, అందరూ సోమవారం ఒకటే మాట మొదలుపెట్టేవారు, అందులోకి నన్నూ లాక్కునేవారు. మీ తమ్ముడు స్టూడెంట్ టికెట్ ధర ఎంతో కనుక్కుని మిగిలిన హోమ్ మ్యాచ్‌లకు వెళ్లమనండి. టీమ్ రంగు చొక్కా ఒకటి వేసుకోమనండి. రూల్స్ రాకపోతే పక్క సీటు వాళ్లను అడగమనండి, తప్పకుండా చెబుతారు. పక్కింటి పెద్దాయన ఇప్పటికీ ప్రతి సెప్టెంబరులో నాకు మెసేజ్ పెడతారు, ఈసారి మొదటి మ్యాచ్ ఎప్పుడో చెబుతూ.