టెక్ సందేహాలు: జపాన్‌లో దిగాక ఫోన్ తెల్లమొహం వేస్తే?

వేసవి జపనీస్ కోర్సుల్లో సీటు వచ్చినవాళ్ల ఉత్తరాలతో ఈ వారం మెయిల్ నిండిపోయింది. భాష గురించి ఒక్కరూ అడగలేదు. అందరి టెన్షనూ ఒక్కటే: విమానం దిగిన దగ్గర్నుంచి డార్మ్ గది తలుపు తీసేదాకా ఫోన్ పనిచేస్తుందా, చెయ్యదా? టెన్షన్ పడాల్సిందే. టికెట్టు, చిరునామా, డబ్బులు, అనువాదం అన్నీ దాంట్లోనే మూటగట్టుకుని వెళ్తున్నాం మరి.

ప్రశ్న: టోక్యోలో ఎనిమిది వారాల కోర్సుకి వెళ్తున్నాను. మా సీనియర్ ఐఫోన్‌లో సుయికా కార్డు (రైలు చార్జీలు కట్టే ప్రీపెయిడ్ కార్డు) పెట్టుకుని స్టేషన్ గేట్లన్నీ ఫోన్‌తోనే దాటేవాడట. నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ (ఫోన్‌ని ఆనిస్తే పనిచేసే చిప్) ఉంది, గూగుల్ వాలెట్ ఉంది. సుయికా మాత్రం యాడ్ కావట్లేదు. సెట్టింగ్ ఏమైనా మార్చాలా?

ఏ సెట్టింగ్ మార్చినా రాదు. జపాన్ స్టేషన్ గేట్లు నడిచేది సోనీ తయారుచేసిన ఫెలికా అనే పద్ధతి మీద. రద్దీ వేళ ఒక్కో గేటు లోంచి నిమిషానికి 60 మంది ఆగకుండా దాటిపోవాలన్న లెక్కతో జేఆర్ ఈస్ట్ అనే రైల్వే కంపెనీ దాన్ని ఎంచుకుంది. 2001లో సుయికా మొదలైంది. ఐఫోన్ 8 నుంచి ఏ దేశంలో అమ్మే ఫోన్‌లోనైనా ఆపిల్ ఈ సదుపాయం పెట్టేసింది. ఆండ్రాయిడ్ కంపెనీలు దాదాపుగా జపాన్‌లో అమ్మే ఫోన్లకే పరిమితం చేశాయి. పిక్సెల్ అయినా అంతే, జపాన్ బయట కొన్నదైతే సుయికా పట్టదు.

కాబట్టి ప్లాస్టిక్ కార్డు కొనండి. అందులో నామోషీ ఏమీ లేదు, టోక్యోలో బోలెడుమంది చేతుల్లో ఇప్పటికీ అదే. అయితే ఏ కార్డు అన్నది చూసుకోవాలి. విమానాశ్రయంలో పర్యాటకుల కోసం అమ్మే ఎర్ర రంగు వెల్‌కమ్ సుయికాకి డిపాజిట్ లేదు గానీ 28 రోజులకే గడువు తీరిపోతుంది, మిగిలిన డబ్బు తిరిగి రాదు. ఎనిమిది వారాలు ఉండేవాళ్లకి అది సగంలోనే చేతులెత్తేస్తుంది. మామూలు సుయికా అయితే 500 యెన్ల డిపాజిట్, వచ్చేటప్పుడు కార్డు వెనక్కిస్తే ఆ డబ్బు ఇచ్చేస్తారు. చిప్‌ల కొరత వల్ల 2023లో దీని అమ్మకాలు ఆపేశారు. పాత వీడియోల్లో 'కార్డు దొరకదు' అని భయపెట్టేది అందుకే. 2025 మార్చి 1 నుంచి మళ్లీ అమ్ముతున్నారు.

కార్డులో గరిష్ఠంగా 20,000 యెన్లు వేసుకోవచ్చు. స్టేషన్‌లో చార్జ్ చేసే మెషిన్లు చాలావరకు నోట్లే తీసుకుంటాయి, బ్యాంకు కార్డు చూపిస్తే పలకవు. అందుకని జేబులో కొంత నగదు ఉండాలి. దిగే స్టేషన్‌లో బ్యాలెన్స్ చాలకపోతే గేటు ఎర్ర లైటు వెలిగించి, రెండు చిన్న రెక్కలు అడ్డం పెట్టి గట్టిగా మోగుతుంది. తొలిసారి ఎవరికైనా గుండె జారుతుంది. ఏమీ కాదు, రెండడుగులు వెనక్కి వేసి పక్కకి జరగండి. తక్కువైన చార్జీ కట్టే మెషిన్ గేటుకి లోపలి వైపే ఉంటుంది. 'సెయిసాన్' అని అడిగితే చూపిస్తారు. మీ కోర్సులో మొదటి వారం నేర్పే మాటల్లో ఇది ఉండదు, కాబట్టి ఇప్పుడే నేర్చుకోండి.

మీ ఎన్‌ఎఫ్‌సీ పూర్తిగా దండగ మాత్రం కాదు. కార్డుని ఫోన్ వెనక ఆనిస్తే బ్యాలెన్స్ చదివి చూపించే ఆప్‌లు ఉన్నాయి, ఒకటి వేసుకోండి.

ఐఫోన్ ఉన్నవాళ్లకి ఒక మాట. సుయికాని ఎక్స్‌ప్రెస్ కార్డుగా పెట్టుకుంటే ఫేస్ ఐడీ అడగదు. ఐఫోన్ ఎక్స్‌ఎస్, ఆ తర్వాతి మోడళ్లలో అయితే చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయినా 5 గంటల దాకా గేటు తీస్తుంది. కానీ మన బ్యాంకు కార్డుతో అందులో డబ్బు వేయబోతే ఒక్కోసారి తిరస్కరిస్తుంది. అప్పుడు కన్వీనియెన్స్ స్టోర్ కౌంటర్‌లో నోటు ఇచ్చి చార్జ్ చేయించుకోవచ్చు.

ప్రశ్న: జపాన్‌కి ఈసిమ్ (ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోకి నేరుగా ఎక్కించే సిమ్) కొన్నాను. అది పెడితే నా పాత నంబర్‌కి బ్యాంకు ఓటీపీలు వస్తాయా? అక్కడ అవసరమైతే ఫోన్ చేయగలనా?

రెండు ప్రశ్నలూ విడివిడిగా చూడాలి.

ఓటీపీ సంగతి. పాత సిమ్‌ని తీసేయొద్దు, ఆఫ్ చేయొద్దు. బయల్దేరే ముందే దానికి అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించుకోండి. ఫోన్ సెట్టింగ్స్‌లో మాత్రం ఆ సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంచండి. అప్పుడు ఎస్‌ఎంఎస్‌లు వస్తాయి, డేటా బిల్లు పడదు. ఈసిమ్‌కి దీనికి సరిగ్గా తలకిందులు: దానికి డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి. ప్రయాణికులకు అమ్మే ఈసిమ్‌లు చాలావరకు రోమింగ్ మీదే నడుస్తాయి. దిగగానే 'నెట్ రావట్లేదు' అని వచ్చే ఫిర్యాదుల్లో సగానికి మందు ఈ ఒక్క బటనే.

నా అనుభవం ఒకటి చెబుతాను, కంపెనీ పేరు ఎందుకులెండి. విమానం దిగి ఫోన్ ఆన్ చేస్తే సిగ్నల్ లేదు. తెలివిగా ఈసిమ్‌ని డిలీట్ చేసి మళ్లీ వేద్దామనుకున్నాను. ఆ క్యూఆర్ కోడ్ ఒక్కసారికే పనిచేస్తుందని రెండోసారి స్కాన్ చేసినప్పుడు తెలిసింది. విమానాశ్రయం వైఫైలో కూర్చుని కస్టమర్ కేర్‌తో చాటింగ్ చేస్తూ గంటన్నర గడిపాను. నిజానికి చేయాల్సింది డేటా రోమింగ్ బటన్ నొక్కడమే. కాబట్టి ఏం జరిగినా డిలీట్ మాత్రం చేయొద్దు. ఇంటి వైఫై మీద ఉండగానే ఇన్‌స్టాల్ చేసుకుని, జపాన్‌లో దిగాక ఆ లైన్ ఆన్ చేయండి.

ఇక ఫోన్ కాల్స్. ప్రయాణికుల ఈసిమ్‌లలో ఎక్కువ భాగం డేటాకి మాత్రమే, వాటికి నంబర్ ఉండదు. జపాన్‌లో మాట్లాడే నంబర్ కావాలంటే గుర్తింపు తనిఖీ తప్పనిసరి, అందుకే తక్కువ రోజులకి వెళ్లేవాళ్లు డేటాతో సరిపెట్టుకుంటారు. వాట్సాప్ కాల్స్‌కి, జపాన్‌లో వాడే లైన్ అనే మెసేజింగ్ ఆప్ కాల్స్‌కి డేటా చాలు. కానీ పోలీసులకి 110, అంబులెన్స్, ఫైర్‌కి 119 చేయాలంటే డేటా ఈసిమ్ పనికిరాదు. రోమింగ్ ఉన్న పాత సిమ్‌ని ఫోన్‌లోనే ఉంచుకోమనడానికి రెండో కారణం ఇదే.

లైన్ ఆప్ కూడా బయల్దేరే ముందే, మీ ఇప్పటి నంబర్‌తో పెట్టుకోండి. జపాన్‌లో హోమ్‌స్టే కుటుంబాలు, తోటి విద్యార్థులు పలకరించేది అందులోనే. రిజిస్టర్ చేయడానికి ఎస్‌ఎంఎస్ కోడ్ రావాలి, ఆ పని ఇంటి దగ్గరే తేలిగ్గా అయిపోతుంది.

ప్రశ్న: మా కోర్సు కనజావాలో. కాన్సాయ్ విమానాశ్రయంలో దిగుతాను. సీనియర్లు ఇచ్చిన పీడీఎఫ్‌లో 'హారుకా రైల్లో షిన్-ఒసాకా, అక్కడ థండర్‌బర్డ్ ఎక్కితే నేరుగా కనజావా' అని ఉంది. ఆప్‌లో ఎంత వెతికినా నేరుగా వెళ్లే రైలు చూపించట్లేదు. ఏది నమ్మాలి?

ఆప్‌నే నమ్మండి. మీ సీనియర్లు అబద్ధం చెప్పలేదు, పీడీఎఫ్‌కి వయసైపోయింది. 2024 మార్చి 16న హొకురికు షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) మార్గాన్ని కనజావా నుంచి త్సురుగా దాకా పొడిగించారు. ఆ రోజు నుంచి థండర్‌బర్డ్ త్సురుగాలోనే ఆగిపోతోంది. అక్కడ దిగి షింకాన్‌సెన్ ఎక్కాలి. ఈ రైలు మారేవాళ్ల కోసమే ఆ స్టేషన్ కట్టారా అనిపిస్తుంది: థండర్‌బర్డ్ ఆగే ప్లాట్‌ఫాం కింద, షింకాన్‌సెన్ పైన, మధ్య అంతస్తులో గేట్లు. జనం వెంట నడిస్తే చాలు, కానీ పెద్ద సూట్‌కేసు ఉంటే ఎస్కలేటర్ దగ్గర చెమటలు పడతాయి.

థండర్‌బర్డ్‌లో ఇప్పుడు అన్నీ రిజర్వ్‌డ్ సీట్లే. ఈ ప్రయాణాన్ని సుయికా లాంటి కార్డు తాకించి కానిచ్చేద్దామనుకోవద్దు. ఆ కార్డులు దేశంలో చాలాచోట్ల చెల్లుతాయి గానీ, ఒక ప్రాంతంలో లోపలికి వెళ్లి ఇంకో ప్రాంతంలో బయటికి రానివ్వవు. కనజావా దాకా టికెట్టు కొనుక్కోండి.

ఆప్‌లో వెతికేటప్పుడు రెండు చూసుకోండి. ఒకటి, ఒసాకా వేరు, షిన్-ఒసాకా వేరు. రెండూ వేర్వేరు స్టేషన్లు. రెండోది, 'ఇప్పుడు' అని కాకుండా మీరు దిగే తేదీ, గంట పెట్టి వెతకండి. ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్‌కి గంటన్నర వదిలేసి ఆ తర్వాతి రైళ్లు చూడండి. వచ్చిన ఫలితాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నెట్ ఉన్నా లేకపోయినా అది చేతిలో ఉంటుంది.

సూట్‌కేసు గురించి నా సలహా: విమానాశ్రయంలోనే తక్యూబిన్ (సామాను ఇంటికి చేర్చే కొరియర్) కౌంటర్‌లో ఇచ్చేయండి. డార్మ్‌కి మామూలుగా మర్నాడు చేరుతుంది. ఒక రాత్రికి సరిపడా బట్టలు, పాస్‌పోర్టు, ల్యాప్‌టాప్, చార్జర్ మీ దగ్గరే ఉంచుకోండి. అక్కడ ఫారంలో రాయడానికి డార్మ్ చిరునామా జపనీస్ లిపిలో కావాలి. కోర్సువాళ్లని అడిగి, ఏడంకెల పోస్టల్ కోడ్‌తో సహా ఫోన్‌లో నోట్‌గా పెట్టుకోండి. జపాన్‌లో చాలా వీధులకి పేర్లుండవు, చిరునామా అంతా పేటల, బ్లాకుల నంబర్ల మీదే నడుస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన చిరునామాతో మ్యాప్ ఒక్కోసారి పక్క పేటకి తీసుకెళ్తుంది.

ప్రశ్న: మా బ్యాచ్‌లో 14 మందిమి వేర్వేరు విమానాల్లో వస్తున్నాం. విద్యార్థుల తరఫున నేను కోఆర్డినేటర్‌ని. ఒక గూగుల్ షీట్ పెట్టి విమానం వివరాలు, పాస్‌పోర్టు నంబర్లు అందరినీ నింపమన్నాను. అప్పుడే గందరగోళం మొదలైంది. ఇంతకన్నా మంచి ఆప్ ఉందా?

కొత్త ఆప్ ఎందుకు? ముందుగా ఆ పాస్‌పోర్టు నంబర్ల వరుస ఇవాళే తీసేయండి. లింకు ఉన్న ప్రతి ఒక్కరూ చూడగలిగే షీట్‌లో వాటికి పనేం లేదు. పికప్‌కి కావాల్సింది పేరు, విమానం నంబర్, ఏ విమానాశ్రయం, ఏ టెర్మినల్, ఎన్నింటికి దిగుతారు, అంతే. షీట్ అందరి చేతికీ ఇవ్వకుండా గూగుల్ ఫాం పంపండి. ఎవరి జవాబు వాళ్లు నింపుతారు, పక్కవాళ్ల వరుస చెరిపేసే ప్రమాదం ఉండదు.

మీ గందరగోళానికి మూలం బహుశా తేదీలే. 06/07 అంటే ఒకరికి జూలై 6, ఇంకొకరికి జూన్ 7. ఫాంలో టైప్ చేయనివ్వకుండా క్యాలెండర్‌లోంచి తేదీ ఎంచుకునే ప్రశ్న పెట్టండి. ప్రశ్న కూడా 'ప్రయాణం తేదీ' అని కాక 'జపాన్ సమయం ప్రకారం దిగే తేదీ, గంట' అని అడగండి. లాస్ ఏంజెలిస్‌లో శనివారం మధ్యాహ్నం ఎక్కినవాళ్లు టోక్యోలో దిగేసరికి ఆదివారం అవుతుంది. టికెట్టు మీద ఎక్కే గంట ఎక్కే ఊరిది, దిగే గంట దిగే ఊరిది. వీటిని చేత్తో ఫోన్ క్యాలెండర్‌లో వేసుకుంటే, జపాన్‌లో దిగి ఫోన్ టైమ్ జోన్ మారగానే ఆ గంటలన్నీ మారిపోతాయి. దిగే గంట వేసేటప్పుడే టైమ్ జోన్ దగ్గర టోక్యో అని ఎంచుకోవాలి.

ఇంకో తిరకాసు ఉంది. టికెట్టు మీద 'టోక్యో' అని ఉంటే చాలదు. నరితా, హనేదా రెండూ టోక్యో విమానాశ్రయాలే. నరితా నగరం నడిబొడ్డుకి దాదాపు 60 కిలోమీటర్లు. నరితాలో దిగినవాళ్ల కోసం బస్సు హనేదాలో కాచుకుంటే ఎవరికీ ఏమీ పాలుపోదు. కాబట్టి ఫాంలో ఈ రెండే ఆప్షన్లుగా ఇచ్చి టిక్ పెట్టించండి. రాత్రి పది దాటాక దిగేవాళ్లని మాత్రం విడిగా పలకరించండి. అర్ధరాత్రి దాటాక రైళ్లు ఆగిపోయి తెల్లవారుజామున గానీ మొదలుకావు. వాళ్లకి ఆ రాత్రి బస ముందే చూసుకోమని చెప్పాలి.

ప్రశ్న: విజిట్ జపాన్ వెబ్‌లో రిజిస్టర్ చేయబోతే డబ్బులు అడిగింది. కట్టాలా?

కట్టొద్దు, ఆ పేజీ మూసేయండి. అసలు సైట్ జపాన్ ప్రభుత్వ డిజిటల్ ఏజెన్సీది, పూర్తిగా ఉచితం. చిరునామా 'డిజిటల్ డాట్ జీవో డాట్ జేపీ'తో ముగుస్తుంది. ఇమిగ్రేషన్, కస్టమ్స్ వివరాలు ముందే నింపితే ఒక క్యూఆర్ కోడ్ ఇస్తుంది, అంతే. అది వీసా కాదు.

ప్రశ్న: మా అమ్మాయి మొదటిసారి ఒంటరిగా వెళ్తోంది. తను ఎక్కడుందో నాకు ఎప్పుడూ కనిపించేలా ఫోన్‌లో ఏం పెట్టాలి?

వాట్సాప్ లైవ్ లొకేషన్ ఒకసారి పెడితే ఎక్కువలో ఎక్కువ 8 గంటలే. రోజులకొద్దీ కావాలంటే గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఉంది. అయితే మీ అమ్మాయి ఒప్పుకుని తన ఫోన్‌లోంచి తనే ఆన్ చేయాలి. భూగర్భ రైల్లో ఉన్నప్పుడో, చార్జింగ్ అయిపోయినప్పుడో చుక్క కదలకుండా నిలబడిపోతుంది, దాన్ని చూసి మీరు కంగారు పడతారు. దిగాక ఒక మెసేజ్, గదికి చేరాక ఒక మెసేజ్ అని ఒప్పందం చేసుకోవడం ఇద్దరికీ సుఖం. తన ఫోన్‌లో 'సేఫ్టీ టిప్స్' అనే ఆప్ వేయించండి. భూకంపం, సునామీ హెచ్చరికలు ఇంగ్లిష్‌లో కూడా వస్తాయి.

ప్రశ్న: హెయిర్ స్ట్రెయిట్‌నర్, ల్యాప్‌టాప్, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ తీసుకెళ్తున్నాను. అడాప్టర్ చాలా?

ల్యాప్‌టాప్‌కి చాలు. జపాన్ కరెంటు 100 వోల్టులు, ప్లగ్ రెండు చదును పిన్నులది. గోడకి మూడో పిన్ను పట్టే చోటు అరుదు. చార్జర్ వెనక సన్నటి అక్షరాల్లో 'ఇన్‌పుట్ 100–240' అని ఉంటే నిశ్చింత. స్ట్రెయిట్‌నర్ మీద 220–240 అని మాత్రమే ఉంటే అక్కడ అది సరిగ్గా వేడెక్కదు, మోయడం దండగ. పవర్ బ్యాంక్ లెక్క: 20,000ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు. 100 లోపు ఉంది కాబట్టి పర్వాలేదు, కానీ చేతి సంచిలోనే ఉండాలి. 2025 జూలై 8 నుంచి జపాన్ విమానాల్లో దాన్ని తల మీది అరలో పెట్టొద్దంటున్నారు. సీటు దగ్గర, కంటికి కనిపించేలా ఉంచుకోండి.

ప్రశ్న: డ్రోన్ కూడా తీసుకెళ్దామనుకుంటున్నాను, 249 గ్రాములే. పర్వాలేదు కదా?

జపాన్‌లో 2022 జూన్ నుంచి 100 గ్రాములు, ఆపైన ఉన్న ప్రతి డ్రోన్‌కీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇళ్లు కిక్కిరిసిన చోట్ల ఎగరేయడానికి విడిగా అనుమతి కావాలి. హోంవర్క్ మధ్య ఈ గొడవంతా ఎక్కడ పడతారు, ఇంట్లో పెట్టి వెళ్లండి.