108లో ఈఎంటీగా చేరాలనుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ, 108 అంబులెన్స్‌లో ఈఎంటీ (పేషెంట్‌కి దారిలో అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్) పోస్టుకి అప్లై చేస్తున్నావని పిన్ని చెప్పింది. చాలా సంతోషంగా ఉంది. ముందుగా ఒక మాట, పోస్టు ఇప్పిస్తానని ఎవరైనా డబ్బులు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని నువ్వే వెళ్లు. అనాటమీ, ఫస్ట్ ఎయిడ్ బేసిక్స్ చదువుకుని వెళ్తే చాలు, అక్కడ వాళ్లు అసలు చూసేది 12 గంటల డ్యూటీ చేయగలవా, నైట్లు చేస్తావా, ఏ మండలంలో వేస్తే అక్కడికి వెళ్తావా అనే. ఇంట్లో మాట్లాడుకుని, మనసులో ఉన్నదే చెప్పు.

ఇంకోటి. బండి మీద ప్రభుత్వం పేరున్నా నీకు జీతం ఇచ్చేది టెండర్ దక్కించుకున్న సంస్థ. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైన దగ్గర నుంచి నిర్వహణ చేతులు మారుతూ వచ్చింది. అందుకే అపాయింట్‌మెంట్ లెటర్, ప్రతి నెల పే స్లిప్పు, పీఎఫ్ యూఏఎన్ నంబరు మొదటి రోజు నుంచే భద్రంగా దాచుకో. సంస్థ మారినప్పుడు నీ సర్వీసు ఇన్నేళ్లని చూపించడానికి అవే ఆధారం.

ట్రైనింగ్‌లో సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి శ్వాస ఇవ్వడం) బొమ్మ మీద చేతులు నొప్పి పుట్టేదాకా చెయ్యి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 30 నొక్కులకి 2 శ్వాసలు. కదిలే బండిలో ఇది ఎంత కష్టమో నీకే తెలుస్తుంది.

ఇక అసలు విషయం. నీ డ్యూటీ కాల్ వచ్చాక మొదలవదు, బండి చార్జ్ తీసుకునేటప్పుడే మొదలవుతుంది. రాత్రంతా చేసి అలసిపోయిన మనిషి "అన్నీ ఉన్నాయి బ్రదర్, సంతకం పెట్టెయ్" అంటాడు. ఆయన మీద కోపం వద్దు, కానీ చూడకుండా సంతకం పెట్టకు. ఆక్సిజన్ సిలిండర్ కీ తిప్పి మీటర్ ముల్లు ఎక్కడుందో నీ కళ్లతో చూడు. నిండు బీ టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి 10 లీటర్లు పెడితే రెండున్నర గంటలు వస్తుంది. ముల్లు సగంలో ఉంటే గంటంబావు. అదే నువ్వు పాడేరులో ఉండి, పేషెంట్‌ని ఘాట్ దింపి విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్లాల్సి వస్తే ఆ గంటంబావు సరిపోదు, దారిలో ఎవరిని అడుగుతావు? నోట్లో, గొంతులో అడ్డుపడినవి లాగే సక్షన్ మెషిన్ స్విచ్ వేసి చూడ్డం కాదు, గ్లాసుడు నీళ్లు లాగించి చూడు. గుండెకి షాక్ ఇచ్చే ఏఈడీ మెషిన్ బ్యాటరీ, డెలివరీ కిట్‌లో బొడ్డుతాడుకి పెట్టే క్లాంపులు, షుగర్ స్ట్రిప్పుల ఎక్స్‌పైరీ తేదీ కూడా చూడు.

స్ట్రిప్పులు ఎందుకు అంటున్నానంటే, రోడ్డు పక్కన పడి ఉన్న మనిషిని చూపించి జనం తాగి పడిపోయాడండీ అంటారు. వాసన వచ్చినా సరే, స్పృహలో లేని ప్రతి మనిషికీ షుగర్ చూడాల్సిందే. 40 ఉందనుకో, ఈఆర్‌సీపీకి, అంటే 108 కాల్ సెంటర్‌లో ఉండే డాక్టర్‌కి ఫోన్‌లో చెప్పి, ఆయన చెప్పినట్టు డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్) ఎక్కిస్తే చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే కళ్లు తెరుస్తారు. తాగాడని వదిలేస్తే ప్రాణం పోయేది.

సీన్‌లో జనం ఆలస్యమైందని తిడతారు, వాదన పెట్టుకోకు. ఆ టైమ్‌లో వాళ్ల భయం అలాంటిది. పైలట్‌ని, అంటే బండి డ్రైవర్‌ని, అన్నా అని పిలువు, ఏ ఊరికి ఏ దారి అడ్డమో ఆయనకి తెలిసినంత మ్యాప్‌కి తెలీదు. క్యాజువాలిటీలో పేషెంట్‌ని అప్పగించాక టైమ్ రాయించి సంతకం తీసుకున్నాకే కదులు, నీ స్ట్రెచర్ వెనక్కి తెచ్చుకోవడం మర్చిపోకు.

బండిలో ఎప్పుడూ ఇంకో జత యూనిఫాం ఉంచుకో, డెలివరీ కేసు తర్వాత మార్చుకోవాల్సి వస్తుంది. ట్రైనింగ్ డేట్ ఇచ్చాక ఫోన్ చెయ్యి, నా నోట్సు పంపిస్తాను.