ఇసుకలో హ్యాండిల్ కొట్టుకోవడం, ముంజేతుల నొప్పి: రెండింటికీ మందు ఒకటే

హీరో ఎక్స్‌పల్స్ బైకుతో మొదటి క్రాస్‌కంట్రీ రేసుకు దిగాలని ఉంది, కానీ ఇసుక రాగానే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటోంది, కాసేపటికే ముంజేతులు బిగుసుకుపోతున్నాయి అన్నారు కదా బ్రదర్. మీరు హ్యాండిల్‌ని పట్టుకుని వేలాడుతున్నారు, అసలు సమస్య అదే.

ఫుట్‌పెగ్‌ల (కాళ్లు పెట్టుకునే కడ్డీలు) మీద లేచి నిలబడండి. మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టండి, బరువంతా కాళ్లలోకి దిగాలి. వేళ్లు వదులుగా ఉంటే 21 అంగుళాల ముందు చక్రం తన దారి తానే చూసుకుంటుంది. ఇసుకలో ఒళ్లు కాస్త వెనక్కి జరిపి, థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఇస్తూనే ఉండండి. భయపడి మూశారంటే బరువు ముందుకొచ్చి చక్రం కూరుకుపోతుంది. బ్రేక్, క్లచ్‌లకు ఒక్కో వేలు చాలు. లివర్లు కొంచెం కిందికి తిప్పుకోండి, నిలబడినప్పుడు మణికట్టు వంగదు. ఇది పది నిమిషాల పని, కానీ తేడా చాలా తెలుస్తుంది.

టైర్లలో గాలి 20 పీఎస్‌ఐ దాకా దించొచ్చు. రాళ్ల దారిలో ఇంకా తగ్గిస్తే ట్యూబ్ రాయికీ రిమ్‌కీ మధ్య నలిగి పంక్చర్ అవుతుంది.

ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశంలో మోటార్ రేసులను చూసే సమాఖ్య) గుర్తింపు ఉన్న పోటీ అయితే వాళ్ల పోటీ లైసెన్స్ తీసుకోవాలి. మోకాలి గార్డులు, ఆఫ్‌రోడ్ బూట్లు లేకుండా ప్రాక్టీసుకైనా దిగొద్దు, ఒంటరిగా అసలే వెళ్లొద్దు.