గైడ్‌ని దాచిపెట్టకు

హైదరాబాద్

అమ్మాయికి ఆశీస్సులు.

సింగపూర్ టూర్ మొదటి రోజు గురించి నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. నీకు వాక్యం కుదురుతుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈ వ్యాసంలో నువ్వు ఒక్కదానివే తిరిగావు. సింహం తల, చేప ఒళ్లు ఉన్న ఆ మెర్లయన్ విగ్రహం దగ్గరికి నువ్వే నడిచి వెళ్లావు, నదిని నువ్వే చూశావు, లిటిల్ ఇండియా సందుల్లో నువ్వే తిరిగావు. మొన్న ఫోన్లో చెప్పిన బస్సు నిండా జనం, జెండా ఎత్తి పట్టుకుని ముందు నడిచిన గైడమ్మ, ప్రతి చోటా ఆమె తలలు లెక్కపెట్టడం, ఇవేవీ లేవు. ప్యాకేజీ టూర్ రాస్తే వ్యాసం స్థాయి తగ్గుతుందని ఎవరో నీతో అన్నట్టున్నారు. ఆ మాట నమ్మకు.

డెబ్బై దాటిన నాయనమ్మను వెంటబెట్టుకుని మన ఊరి మధ్యతరగతి కుటుంబం మొదటిసారి దేశం దాటేది చాలావరకు ఇలాగే. వీసా దగ్గర్నుంచి రాత్రి భోజనం దాకా చూసుకునే మనిషి ఒకరుంటారన్న ధైర్యంతోనే మీ నాన్నగారు చిట్టీ ఎత్తి డబ్బు కట్టారు. నాకు ఆ ధైర్యం గురించి చదవాలని ఉంది. గైడ్‌ని తీసేస్తే అది కూడా పోతుంది.

విమానంలోంచి కనిపించిన మేఘాల మీద రాసిన రెండు పేరాలూ తీసెయ్. మీ ప్రయాణం ముందు రాత్రి ఇంటి దగ్గరే మొదలైంది. పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఎక్కాక మీ అమ్మ "గ్యాస్ కట్టేశామా?" అని అడిగిందట కదా, శంషాబాద్ వెళ్లేదాకా కార్లో ఎవరూ మాట్లాడలేదట. అది రాయి, చాలు.

తర్వాత పొద్దున సంగతి. నీ వ్యాసంలో నువ్వు తాజాగా, ఉత్సాహంగా ఉన్నావు. నిజంగా మీరంతా అలా ఉన్నారా? రాత్రి బయల్దేరి నాలుగు గంటల పైన ప్రయాణం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు, అంటే నిద్రలోంచి ఆ రెండున్నర గంటలూ పోయినట్టే. హోటళ్లు సాధారణంగా మధ్యాహ్నం మూడింటికి గానీ గది ఇవ్వవు. అందుకే పొద్దున్నే దిగిన వాళ్లను ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా బస్సెక్కించి ఊరు చూపిస్తారు. మీ అమ్మ చాంగీ ఎయిర్‌పోర్టు బాత్రూంలో చీర మార్చుకుంది. బీపీ మాత్ర వేళ తప్పుతుందని మీ నాన్నగారు వాచీ టైము మార్చుకోలేదు, రోజంతా హైదరాబాద్ టైములోనే ఉన్నారు. ఇంత మంచి సంగతి ఫోన్లో చెప్పి వ్యాసంలో వదిలేశావేంటమ్మా?

ఇక మెర్లయన్. ఎత్తు 8.6 మీటర్లు, బరువు 70 టన్నులు అని రాశావు. వెనకున్న ఫుల్లర్టన్ హోటల్ 1928 నాటి భవనమనీ, ఒకప్పుడు అందులో పెద్ద పోస్టాఫీసు ఉండేదనీ రాశావు. అన్నీ సరైనవే. కానీ చదివేవాళ్లకు ఇవి ఎక్కడైనా దొరుకుతాయి. గైడమ్మ మైకులో చెప్పిన ఇంకో విషయాన్ని మాత్రం ఒక్క ముక్కలో దాటేశావు. 1972లో ఆ విగ్రహాన్ని పెట్టింది ఇప్పుడున్న చోట కాదు. 1997లో ఎస్ప్లనేడ్ వంతెన వచ్చాక అది సముద్రం వైపు నుంచి కనపడకుండా పోయింది, అందుకని 2002లో జరిపారు. అది విని మీ నాయనమ్మ ఏమంది? "మా కూడవెల్లి గుడి లెక్క దీన్ని గూడ కదిలించిండ్రా?"

నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని, దాన్ని విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. మీ నాయనమ్మ పుట్టిన ఊరూ ఆ నీళ్ల కిందే ఉంది. ఎండలో, చుట్టూ సెల్ఫీలు తీసుకునే జనం మధ్య, నీళ్లు చిమ్మే ఆ సింహం బొమ్మను చూస్తూ ఆమె తన ఊరిని తలుచుకుంది. ఆ క్షణం నీ కుటుంబానికి తప్ప ఇంకెవరికీ దొరకదు. ఇక్కడ ఆగు. ఒక పేజీ పట్టినా ఫర్వాలేదు. గైడమ్మ ఏం జవాబిచ్చింది? మీ నాన్నగారు నాయనమ్మ మాటను గైడమ్మకు ఇంగ్లీషులో చెప్పారా, లేక నవ్వి ఊరుకున్నారా? నీకు గుర్తు లేకపోతే వాళ్లనే అడుగు, కల్పించకు.

టూర్‌లో టైము మన చేతిలో ఉండదు. "ఇరవై నిమిషాల్లో బస్సు దగ్గర ఉండాలి" అని గైడ్ అంటే అంతే. దాన్ని లోటుగా చూడకు, వ్యాసాన్ని దాని మీదే నడుపు. ఆ ఇరవై నిమిషాల్లో తమ్ముడు ఎక్కడికి పరిగెత్తాడు, అమ్మ ఎవరి ఫోటో తీసింది, నాయనమ్మ ఎక్కడ కూర్చుంది అని రాస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే కనిపిస్తారు. అప్పుడు "అద్భుతం", "మైమరచిపోయాను" లాంటి మాటల అవసరం రాదు.

మధ్యాహ్నం లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డులో పప్పు, సాంబారు తిన్నందుకు వ్యాసంలో సంజాయిషీ ఇచ్చుకున్నావు. దేనికి? రాత్రంతా నిద్ర లేని పెద్దావిడకు వేడి అన్నం దొరికింది, ఆమె ముఖం తేటపడింది. ఆ వాక్యంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఒక్క జాగ్రత్త. చిట్టీ సంగతి రాసేముందు మీ నాన్నగారికి చదివి వినిపించు. ఆయన వద్దంటే తీసెయ్, వ్యాసం దానివల్ల చెడిపోదు. నాయనమ్మ మాటను మాత్రం ఆమె అన్నట్టే ఉంచు, దాన్ని పుస్తకాల భాషలోకి దిద్దకు.

రెండో రోజు జోలికి ఇప్పుడే పోకు. ముందు ఇది తిరగరాసి, వచ్చే ఆదివారం పొద్దున కాగితాలు పట్టుకుని ఇంటికి రా. వీలైతే నాయనమ్మను కూడా తీసుకురా, కూడవెల్లి గురించి నేనూ ఆమెను అడగాల్సినవి ఉన్నాయి.

ఇట్లు,
నీ మాస్టారు