8కే కెమెరా కోసం చీటీ ఎత్తమంటారా?

ప్రశ్న: మా అబ్బాయికి ఇంటర్ అయిపోయింది. ఏడాదిగా మా ఊళ్లో ఒక స్టూడియోకి అసిస్టెంట్‌గా వెళ్తున్నాడు, ఫోటోగ్రాఫర్నే అవుతానంటున్నాడు. ఇప్పుడు 8కే వీడియో వచ్చే కెమెరా కొనివ్వమంటున్నాడు. "వీడియోలోంచే ఫోటోలు లాగొచ్చు, ఇద్దరి పని నేనొక్కణ్నే చేస్తా" అని వాడి వాదన. చీటీ ఎత్తితే మూడు లక్షలు చేతికొస్తాయి. ఎత్తమంటారా? అసలు ఫోటోలు తీసేవాడికి అంత వీడియో ఎందుకండీ?
– ఒక తండ్రి, జనగామ

జవాబు: ముందు మీవాడి లెక్క చూద్దాం. లెక్క తప్పేమీ కాదు. 8కే అంటే ఒక్కో ఫ్రేములో 7680 × 4320 చుక్కలు, గుణిస్తే దాదాపు 33 మెగాపిక్సెల్స్ (ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు). మన పెళ్లి ఆల్బమ్ షీటు 12 × 36 అంగుళాలు. అందులో సగం పేజీ నిండా ఒక ఫోటో వేయాలంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున చూసినా 19 మెగాపిక్సెల్స్ చాలు. కాగితం మీద మీవాడే గెలిచాడు.

ఇప్పుడు పీటల దగ్గరికి రండి. తలంబ్రాలు మొదలయ్యాయి. వీడియోలో కదలిక సాఫీగా కనిపించాలని, సెకనుకు 25 ఫ్రేములు తీసేవాళ్లు షట్టర్‌ను మామూలుగా 1/50 సెకను దగ్గర (అంటే ఒక్కో ఫ్రేముకి అంతసేపు తెరుచుకునేలా) పెట్టుకుంటారు. ఆ కాస్త సమయంలోనే పెళ్లికూతురి దోసిట్లోంచి జారిన గింజ ఒకటి రెండు అంగుళాలు కిందికి వచ్చేస్తుంది. వీడియో నడుస్తున్నప్పుడు అందంగానే ఉంటుంది. ఆపి ఫ్రేము బయటికి తీశారా, గింజలుండవు, పసుపు గీతలుంటాయి. పక్కనే నిలబడ్డ ఫోటోగ్రాఫర్ 1/1000లో కొడితే ఒక్కో గింజా విడివిడిగా గాల్లో నిలబడుతుంది.

"అయితే వీడియో కూడా 1/1000లోనే తీస్తా" అంటాడేమో. తీయొచ్చు. కాకపోతే కదలికలు టకటకా తెగిపోయినట్టు వస్తాయి, హాల్లో కొన్ని ఎల్‌ఈడీ లైట్లు తెర మీద పట్టీలు పట్టీలుగా కొట్టుకుంటాయి, వెలుతురు చాలదు. ఫోటోకైతే ఫ్లాష్ ఆదుకుంటుంది. వీడియోకి ఆ ఒక్క క్షణం మెరుపు ఏ మూలకి? ఇద్దరి పని ఒక్కడు చేయలేకపోవడానికి కారణం ఇదీ. రిజల్యూషన్, అంటే చుక్కల లెక్క, ఎంత పెంచినా ఇది పోదు.

మరి వీడియో దండగా అంటే, కాదు. 2008లో నికాన్ డీ90, దాని వెనకే కేనన్ 5డీ మార్క్ 2 వచ్చినప్పుడు ఫోటో కెమెరాలో వీడియో ఏంటని పెదవి విరిచినవాళ్లున్నారు. అలాంటివాళ్లకు నచ్చేలా నికాన్ 2013లో డీఎఫ్ అనే మోడల్‌ను వీడియో లేకుండానే తెచ్చింది. లైకా ఎం10లోనూ వీడియో లేదు. అవి ముచ్చటపడి కొనుక్కునేవాళ్ల కెమెరాలు. అడ్వాన్స్ తీసుకుని ముహూర్తానికి వెళ్లేవాడికి అంత సుఖం ఎక్కడిది? సీజన్లో ఒక రోజు క్యాండిడ్‌కి (పోజులు పెట్టించకుండా తీసే ఫోటోలకి) పిలుస్తారు, మర్నాడు వీడియోవాడు రాలేదని ఆ పనికి పెడతారు. రెండూ వస్తేనే నెల గడుస్తుంది.

దానికి 4కే (3840 × 2160 చుక్కలు) చాలు, ఇప్పుడొచ్చే కెమెరాల్లో చాలావాటికి అది ఎలాగూ ఉంటోంది. 4కే వల్ల నిజమైన లాభం ఏంటంటే రీల్స్. అడ్డంగా తీసిన 4కే వీడియోలోంచి నిలువు ముక్క కోస్తే 1215 × 2160 చుక్కలు వస్తాయి, రీల్‌కి కావాల్సింది 1080 × 1920. ఫుల్ హెచ్‌డీలోంచి అదే ముక్క కోస్తే సుమారు 607 × 1080, ఫోన్లో కూడా మసకగా కనిపిస్తుంది. 8కే చూడ్డానికి పెళ్లివాళ్ల ఇంట్లో టీవీ ఉందో లేదో మీరే కనుక్కోండి.

ఖర్చు కెమెరాతో ఆగదు. సాధారణంగా వాడే, సెకనుకు 100 మెగాబిట్ల 4కేకే గంటకు 45 జీబీ పడుతుంది. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తిరిగితే 540 జీబీ, దానికి ఇంకో కాపీ. ఒక్క పెళ్లికే ఒక టీబీ దాటింది. 8కే అయితే ఎడిటింగ్ కంప్యూటర్ కూడా మార్చాలి. వేడి సంగతి వేరే. 2020లో కేనన్ ఆర్5 తెచ్చినప్పుడు 23 డిగ్రీల దగ్గర 8కే తీస్తే దాదాపు 20 నిమిషాలకే వేడెక్కి ఆగిపోతుందని కంపెనీయే చెప్పింది. తర్వాత కొంత మెరుగుపరిచారు, కొత్త మోడల్సూ వచ్చాయి. అయినా మే నెలలో జనగామ షామియానా కింద 23 డిగ్రీలు ఎక్కణ్నుంచి తెస్తాం?

మా ఇంట్లో ఒక పెళ్లికి 4కేలోనే తీయించాం. బొమ్మ అద్దంలా ఉంది. అప్పగింతల్లో మా వదిన, కూతురి చేయి పట్టుకుని ఏదో చెబుతుంది, పెదాలు కదలడం కనిపిస్తుంది, వినపడేది బ్యాండ్ మోత ఒక్కటే. కెమెరాకున్న మైకుతోనే సరిపెట్టాడు ఆ అబ్బాయి. ఆ ముక్క మేం ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశామో!

కాబట్టి డబ్బు పెట్టాలంటే వరస ఇది: 4కే ఉన్న మధ్యరకం బాడీ (లెన్స్ లేని కెమెరా; సెకండ్ హ్యాండ్ అయినా నష్టం లేదు), తక్కువ వెలుతురుకి పనికొచ్చే ఒక మంచి లెన్స్, ఫ్లాష్, రెండు వైర్‌లెస్ మైకులు, అదనపు బ్యాటరీలు, హార్డ్ డిస్కులు. బేరం మీద ఆధారపడి ఉంటుంది గానీ ఇవన్నీ కలిపినా మూడు లక్షల లోపే ముగించొచ్చు. చదువు వదలడం ఇష్టం లేకపోతే హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏలో (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో) ఫోటోగ్రఫీ ఉంది, ఎంట్రెన్స్ రాయాలి.

ముందుగా మాత్రం, వచ్చే సీజన్లో రెండు మూడు ముహూర్తాలకు వాడు అడిగే కెమెరానే హైదరాబాద్‌లో అద్దెకు తెచ్చుకోమనండి. ఫోటోలు, వీడియో, రెండూ వాణ్నే తీయమనండి. ఇంటికొచ్చాక తలంబ్రాల దగ్గర వీడియో ఆపి మీకు చూపించమనండి. చీటీ సంగతి ఆ తర్వాత.