కొత్త నగరంలో ఉద్యోగం: కాండో ఎలా ఎంచుకోవాలి?

ఉద్యోగం కోసం కొత్త నగరానికి మారుతూ కాండో (ఫ్లాట్ మన సొంతం, లిఫ్టు, పైకప్పు లాంటివి ఓనర్లందరికీ ఉమ్మడిగా ఉండే అపార్ట్‌మెంట్) ఎలా ఎంచుకోవాలి అని అడిగారు కదా, వీలైతే ముందు కొన్నాళ్లు అద్దెకు ఉండండి, మ్యాప్‌లో దగ్గరగా కనిపించే ఆఫీసు పొద్దున ట్రాఫిక్‌లో ఎంత దూరమో రోజూ వెళ్తేగానీ తెలియదు. కొనేటప్పుడు మాత్రం ఫ్లాట్ కన్నా ముందు ఓనర్ల అసోసియేషన్ లెక్కలు చూడండి. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ తక్కువని సంబరపడొద్దు. రిజర్వ్ ఫండ్‌లో, అంటే పెద్ద రిపేర్ల కోసం అసోసియేషన్ పక్కన పెట్టే నిధిలో, డబ్బు లేకపోతే లిఫ్టు మార్చాల్సి వచ్చినా, పైకప్పు కారినా ఆ ఖర్చు ఓనర్ల మీదే పడుతుంది, అదీ ఒక్కసారిగా. అసోసియేషన్ పాత మీటింగ్ మినిట్స్ (చర్చల రికార్డు) అడిగి చదవండి, లీకేజీ గొడవలు, కోర్టు కేసులు చాలావరకు అందులోనే బయటపడతాయి. రాత్రిపూట కూడా ఒకసారి వెళ్లి చూడండి, పై ఫ్లాట్ చప్పుళ్లు అప్పుడే తెలుస్తాయి. ఇంకోటి, రేపు మళ్లీ బదిలీ అయితే అద్దెకివ్వడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే రాతపూర్వకంగా తీసుకోండి.