ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) జట్లు రన్, పాస్ సగం సగం ఆడాలా?

అక్కర్లేదు, బ్యాలెన్స్ అంటే రెండూ సమానంగా ఆడటం కాదు, ఈసారి బంతి పట్టుకుని పరిగెడతారో, విసురుతారో డిఫెన్స్ ముందే పసిగట్టలేకపోవడం.

పాస్‌కు సగటున ఎక్కువ గజాలు వస్తాయి, అందుకే చాలా జట్లు అదే ఎక్కువగా ఆడతాయి. మరి రన్ దేనికి? ఆట మొదలయ్యే లైన్ దగ్గర డిఫెండర్లు ఆరుగురే ఉంటే, ముందు వరసలో అడ్డుకునే ఐదుగురు లైన్‌మెన్, వాళ్ల పక్కన నిలబడే ఒక టైట్ ఎండ్ తలా ఒకరిని అడ్డుకుంటే చాలు, దారి దొరుకుతుంది. రన్‌ను ఆపడానికి సేఫ్టీ (వెనక కాపలా ఉండే డిఫెండర్) లైన్ దగ్గరికి దిగితే వెనక ఖాళీ, అప్పుడు పాస్. రన్‌కు రెండో కారణం గడియారం. రన్నర్ మైదానం లోపలే పడితే అది నడుస్తూనే ఉంటుంది, పాస్ చేజారితే ఆగిపోతుంది.

2017 ఫిబ్రవరి సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) చూడండి. చివరి ఐదు నిమిషాల్లో అట్లాంటా 28-20తో ముందుంది, బంతి ప్రత్యర్థి న్యూ ఇంగ్లండ్ వైపు 22 గజాల గీత మీద. ఫీల్డ్ గోల్ (గోల్ స్తంభాల మధ్యకు కిక్, 3 పాయింట్లు) పడితే తేడా 11, ఒక్క స్కోరుతో అందుకోలేనంత. ఒక రన్‌కు గజం పోయింది. తర్వాత పాస్‌కు వెళ్తే శాక్‌తో (విసరకముందే పాసర్‌ను పడగొట్టడం) 12 గజాలు, మరో పాస్‌లో హోల్డింగ్ (డిఫెండర్‌ను పట్టుకుని ఆపడం) పెనాల్టీతో ఇంకో 10 పోయాయి. ఫీల్డ్ గోల్ కొట్టగల దూరం దాటిపోయింది, పంట్ చేశారు (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించారు). ఓవర్‌టైమ్‌లో 34-28తో ఓడారు. అక్కడ మరో రెండు రన్‌లు ఆడి కిక్ కొట్టాల్సింది.

'ఎక్కువ రన్‌లు ఆడిన జట్టే గెలుస్తుంది' అనే మాట మాత్రం తలకిందుల లెక్క. చాలాసార్లు ముందే ఆధిక్యంలో ఉన్న జట్టు సమయం కరిగించడానికి రన్‌లు ఆడుతుంది.